నలుపు లేని బొమ్మ

ఫోటోకి కూర్చోవలసిన మనిషి ఆ రోజు రాలేదు. అందుకని నేను కూర్చున్నాను.

మా సంస్థలో కంటిచూపు మీద పరిశోధన జరుగుతుంది. లోపల జరిగేది బయటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం నా పని. పత్రికలకు వార్తలు రాస్తాను, గోడ బొమ్మలు వేయిస్తాను, బడిపిల్లలు వస్తే వెంట తిప్పుతాను. ఏటా వసంతంలో ఒక శనివారం తలుపులన్నీ తెరిచి ఊరినంతా లోపలికి పిలుస్తాం. ఆ శనివారం కరపత్రం కోసమే ఈ ఫోటో. చూపు ఎంత మేర పరుచుకుని ఉందో కొలిచే యంత్రం ముందు ఎవరో ఒకరు కనిపించాలి.

"ఊరికే నటించకు," అంది ఫెమ్కె. ఆ యంత్రం సంస్థదే అయినా ఆమె తప్ప ఇంకెవరు ముట్టుకున్నా ఆమెకు కోపం. "నిజంగానే పరీక్ష చేయించుకో. నటించేవాళ్ళ మొహం కెమెరాకి తెలిసిపోతుంది. పళ్ళ డాక్టరు దగ్గర నవ్వినట్టుంటుంది."

ఒక కన్ను మూసి కట్టింది. తెల్లటి పెద్ద గిన్నెలాంటి దానిలోకి తల పెట్టాను. గిన్నె అడుగున ఒక చిన్న దీపం. చూపు దాని మీదే నిలపాలి. చుట్టూ ఎక్కడో ఒక మూల మిణుగురులా వెలుగు మెరిస్తే చేతిలోని బొత్తాం నొక్కాలి. కొన్ని వెలుగులు స్పష్టంగా వచ్చాయి. కొన్ని వచ్చాయో, వచ్చాయని నేను అనుకున్నానో తెలియలేదు. ఫోటోలు తీసినాయన సంతోషంగా వెళ్ళిపోయాడు. నా మొహంలో ఏకాగ్రత ఉందన్నాడు.

ఫెమ్కె యంత్రంలోంచి వచ్చిన కాగితం చూస్తూ ఉండిపోయింది.

"ఇంకోసారి కూర్చో."

"ఏం, ఫోటో బాగా రాలేదా?"

"ఫోటోకేం, బ్రహ్మాండంగా వచ్చింది. రెప్ప అడ్డం పడినట్టుంది. కూర్చో."

ఈసారి నా పైరెప్పను పట్టీతో పైకి లాగి అంటించింది. మళ్ళీ ఆ గిన్నె, ఆ దీపం, ఆ మిణుగురులు. రెండో కాగితాన్ని మొదటి దాని పక్కన పెట్టింది. రెండూ ఒకేలా ఉన్నాయి. కుడి కంటి పటంలో పైభాగాన కొడవలి ఆకారంలో ఒక మసక.

"ఇది రెప్ప కాదు, లిద్వీన్," అంది. "గ్లాకోమా అనుకుంటాను. నేను డాక్టర్ని కాదు గానీ ఇలాంటివి రోజూ చూస్తాను."

నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అయితే కరపత్రంలో ఈ ఫోటో వేసుకోవచ్చా?" అన్నాను.

"నీ బుర్రకి కూడా పరీక్ష చేయించాలి," అని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కావలసినదానికన్నా కాసేపు ఎక్కువే ఉంది.

ఆమె వెనక గోడ మీద మా పోస్టరు ఉంది. నేను ఉద్యోగంలో చేరక ముందు నుంచీ ఉన్నదే. కంటి ఆసుపత్రుల్లో ఎక్కడికి వెళ్ళినా అలాంటిదొకటి కనిపిస్తుంది. ఒక వీధి బొమ్మ, చుట్టూ నల్లటి వలయం, మధ్యలో గుండ్రటి కన్నంలోంచి కనిపించే సైకిళ్ళు, దుకాణాలు. కింద ఒక వాక్యం: గ్లాకోమా ఉన్నవారికి లోకం ఇలా కనిపిస్తుంది. ఆ వాక్యాన్ని నేను పత్రికలకు పంపాను, పిల్లలకు చదివి వినిపించాను, మూడు భాషల్లో అచ్చు వేయించాను. ఇప్పుడు ఆ జబ్బు నాకే ఉందంటున్నారు. నాకు కనిపించే వీధికి వలయమేదీ లేదు.

ఇంటికి వెళ్తూ నది గట్టు మీద సైకిలు ఆపాను. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని కుడి కంటితో నలుపు కోసం వెతికాను. ఆకాశం నిండుగా ఉంది. మేఘాలకు ఎక్కడా చిరుగు లేదు. అవతలి ఒడ్డున చెట్లకు కొమ్మలన్నీ ఉన్నాయి. పోయిన వస్తువును వెతకడం నాకు తెలుసు. ఆ వస్తువు ఉండే చోటే పోతే, ఆ చోటు పోయిందన్న గుర్తు కూడా దానితోనే పోతే, ఎక్కడని వెతకాలి?

భయం తరవాత వచ్చింది. మొదట కలిగింది అవమానం. నేను ఒంటరిగా బతికే మనిషిని. నా ఇంట్లో చీకట్లో నడిచినా దేనికీ తగలను. నా మనసులోని గదులు కూడా నాకు అంతే బాగా తెలుసనుకునేదాన్ని. ఆ గదుల్లో ఒకదానికి ఎవరో గోడ కట్టేసి, గోడ మీద నాకు నచ్చే రంగే వేసి, ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు.

డాక్టరు కంటిలో ఒత్తిడి కొలిచాడు, చుక్కల మందు రాశాడు. "తొందరగా దొరికావు," అన్నాడు. "పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. తోబుట్టువులున్నారా?"

"ఒక అన్నయ్య."

"పెద్దవాడన్నమాట. అయితే ఇంకా తొందరగా పంపించు. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. ఆలస్యమైన కొద్దీ మా చేతిలో ఏమీ ఉండదు."

మా అన్నయ్య పేరు హ్యూబ్, మా ఊరి పక్కన పారే మాస్ నది మీద బల్లకట్టు సరంగు. ఈ రేవు నుంచి ఆ రేవుకు సైకిళ్ళను, కార్లను, ట్రాక్టర్లను దాటిస్తాడు. యౌవనం నుంచీ అదే పని. పడవ లైసెన్సుకి కంటి పరీక్ష ఉంటుంది గానీ అది గోడ మీది అక్షరాలు చదివే పరీక్ష. అక్షరాలు హ్యూబ్ నాకన్నా బాగా చదువుతాడు.

ఆ వారమే అతని పుట్టినరోజు వచ్చింది.

మా ఇళ్ళల్లో జరిగేట్టే జరిగింది. ముందుగదిలో బల్ల గోడకి జరిపి కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆ వలయం చుట్టూ తిరుగుతూ ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుని అభినందిస్తున్నారు. నేనూ తిరిగాను. నీ భర్త పుట్టినరోజుకి అభినందనలు, ట్రీస్. మీ పక్కింటాయన పుట్టినరోజుకి అభినందనలు. నీ బావగారి పుట్టినరోజుకి అభినందనలు. తరవాత ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద పళ్ళెం పెట్టుకుని మా వైపు చేసే పళ్ళ కేకు, చెర్రీ వ్లాయ్ తిన్నాను.

ట్రీస్ కాఫీ పోయడానికి లేచినప్పుడు హ్యూబ్‌ని వంటింట్లోకి పిలిచి విషయం చెప్పాను. మొదట అతని మొహంలో నా మీద జాలి కనిపించింది. డాక్టరు అతని గురించి అన్న మాట చెప్పేసరికి ఆ జాలి ఆరిపోయింది.

నా చెయ్యి పట్టుకుని మళ్ళీ ముందుగదిలోకి లాక్కెళ్ళాడు. "వినండర్రా! మా చెల్లి నాకు పుట్టినరోజు కానుక తెచ్చింది. గుడ్డితనం!"

"హ్యూబ్, నేను అలా అన్నానా?"

"అన్నట్టే. ఒసేయ్ చెల్లీ, మీ పోస్టరు నేను చూళ్ళేదనుకున్నావా? మా డాక్టరు గదిలో ఉంది. నల్లగా, నీళ్ళ గొట్టంలోంచి తొంగి చూసినట్టు. అక్కడ కూర్చున్నప్పుడల్లా చూస్తాను. నాకు నలుపు లేదు, గొట్టం లేదు. అవతలి ఒడ్డున మేత మేసే మేక ఆడదో మగదో ఇక్కణ్ణుంచి చెప్తాను."

"మేకని అడిగి చూశావా?" అన్నాడు పక్కింటాయన. అందరూ నవ్వారు.

"నలుపు ఉండదు హ్యూబ్. నాకూ లేదు."

"అయితే మీ పోస్టరు అబద్ధమా? దానికి జీతం కూడా తీసుకుంటున్నావా?"

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. ఆ వలయంలో నవ్వకుండా కూర్చోవడం చాలా కష్టం.

ట్రీస్ నన్ను మళ్ళీ వంటింట్లోకి పిలిచింది. గిన్నెలు కడుగుతూ, నా వైపు చూడకుండా మాట్లాడింది. "వదిలెయ్ లిద్వీన్. అతనికి అన్నిటికన్నా భయం ఏమిటో నీకు తెలుసు. పరీక్షలో ఏదైనా తేలితే లైసెన్సు తీసుకుంటారు. ఆ బల్లకట్టు లేకపోతే అతనేం చేస్తాడు? ఇంట్లో కూర్చుని నన్ను నడుపుతాడు."

"చూపు పోతే?"

ఆమె కుళాయి కట్టేసింది. "ఆ మాట అతను వినగలిగేలా చెప్పు. చెప్పడమే కదా నీ ఉద్యోగం."

తిరిగి వచ్చి కూర్చోబోయేసరికి నా కుర్చీ లేదు. నేను లేచి వెళ్ళగానే పక్కవాళ్ళు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. వలయం మళ్ళీ నిండుగా ఉంది. నేను లేని లోటు ఎక్కడా కనిపించలేదు. గుమ్మంలో నిలబడి చాలాసేపు దాన్నే చూశాను. నాన్న పోయిన మరుసటి ఏడు కూడా ఇదే గదిలో ఇలాగే కుర్చీలు వేశారు. నాన్న కుర్చీ ఉండవలసిన చోట ఖాళీ ఉంటుందని ఆ రోజంతా భయపడ్డాను. ఖాళీ లేదు. ఒక్కొక్కరు ఒక్క జానెడు జరిగారు, అంతే. ఆ నిండుతనమే నన్ను ఏడిపించింది.

నా కన్ను చేస్తున్నది ఇదే. కుర్చీ పోయిన చోట అది నలుపు పెట్టదు. పక్కవాటిని దగ్గరికి జరుపుతుంది. కొంచెం ఆకాశం, కొన్ని ఆకులు, కాస్త గోడ. ఎవరో లేచి వెళ్ళారని ఎవరికీ తెలియనివ్వదు.

సోమవారం సమావేశంలో పోస్టరు మార్చాలన్నాను. మా డైరెక్టరు రూలాఫ్ మంచివాడే. అందరి మాటా విని, అందరూ సరేనన్న తరవాతే ఏదైనా చేస్తాడు. అందుకే మా సంస్థలో ఏదీ తొందరగా జరగదు. కాఫీతో పాటు ఒక్కొక్క బిస్కెట్టు అందించి డబ్బా మూత పెట్టేశాడు.

"నలుపు తీసేస్తే బొమ్మలో ఏం మిగులుతుంది?" అన్నాడు.

"మామూలు వీధి."

"మరి జబ్బు ఎక్కడుంది?"

"అదే జబ్బు. వీధి మామూలుగా ఉంటుంది, అందులోంచి ఒక మనిషి పోయి ఉంటాడు."

"లిద్వీన్, జనం ఆ నల్ల వలయం చూడగానే అయ్యో అంటారు. విరాళాలిస్తారు. నువ్వు చెప్పే బొమ్మ చూసి, బాగుంది, ఎండ కాస్తోంది అని వెళ్ళిపోతారు."

"వలయం చూసి అయ్యో అనేవాళ్ళు తమకి వలయం లేదనుకుని ఇంటికి పోతున్నారు, రూలాఫ్. మా అన్నయ్య చేసిందీ అదే."

బల్ల చుట్టూ అందరూ తలా ఒక మాట అన్నారు. వలయం తప్పని కంటి శాస్త్రవేత్తలందరికీ తెలుసు. ఒకరిద్దరు పుస్తకాల్లో రాశారు కూడా. అయినా గోడ మీద దాన్ని చూసి ఎవరూ ఏమీ అనలేదు. గోడ బొమ్మ అంటే శాస్త్రం కాదు, ఏదో ప్రచారం అని వాళ్ళ ఉద్దేశం. చివరికి మా పద్ధతి ప్రకారం ఎవరూ ఓడిపోకుండా తేలింది. పాత పోస్టరు పాత చోటే ఉంటుంది. తెరిచిన తలుపుల శనివారం నాడు మేడ మెట్ల పక్క గోడ ఒకటి నాకిస్తారు. దాని మీద నా ఇష్టం.

నది ఫోటో తీయాలని మొదటి క్షణం నుంచే నాకు తెలుసు. ఆ సంగతి నాకు నేనే ఆలస్యంగా ఒప్పుకున్నాను. వేలమంది చూడవలసిన బొమ్మను ఒక్క మనిషి కోసం తయారు చేయవచ్చా అని కొన్నాళ్ళు మథనపడ్డాను. ఇది చెప్పడమా, వల వేయడమా? అందరికీ అని రాసిన మాట ఎవరికీ చేరదని మాత్రం ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నాను. హ్యూబ్ సెలవులో ఉన్న రోజు, అతని బదులు నడిపే విల్లెమ్ సరంగుగా ఉన్నప్పుడు, బల్లకట్టు ముందు భాగంలో నిలబడి ఫోటో తీశాను. అవతలి రేవు, రెల్లు, దూరంగా చర్చి శిఖరం, నీళ్ళ మీద ఎండ.

ఫెమ్కె నా పరీక్ష కాగితాన్ని ఆ ఫోటో మీద పరిచింది. చూపు బల్లకట్టు ముందున్న నీళ్ళ మీద నిలిపితే నా కొడవలి ఎక్కడ పడుతుందో గీసింది. ఆ మేర ఉన్నవన్నీ తీసేసి, పక్కనున్న నీళ్ళనూ రెల్లునూ వాటి చోటికి జరిపాం. అతుకు కనిపించకుండా చేయడానికి చాలా రోజులు పట్టింది. చివరికి మాకే కనిపించలేదు.

"భయంగా ఉంది," అంది ఫెమ్కె. "ఎంత బాగుందో."

శనివారం జనం బాగానే వచ్చారు. నా గోడ ముందు ఎవరూ ఆగలేదు. ఆ బొమ్మ పక్కనే తెర కప్పిన రెండో బొమ్మ ఉంది, ముందు దీన్ని చూసి తరవాత తెర ఎత్తండి అని రాశాను. ఒక ముసలాయన, "మాస్ నది కదూ, బాగుంది, ఎండ కాస్తోంది," అని తెర ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. అందరూ అవతలి గదిలో నల్ల వలయం అంటించిన కళ్ళద్దాలు పెట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుని, కేకలు పెట్టి నవ్వుతున్నారు. రూలాఫ్ నా పక్కగా వెళ్తూ ఏమీ అనలేదు. చెప్పానుగా అనడం కన్నా అది కష్టంగా ఉంది.

మధ్యాహ్నం మెట్ల మీద హ్యూబ్ గొంతు వినిపించింది.

"ఎక్కడే నువ్వు? నా బల్లకట్టుని నన్నడక్కుండా గోడకెక్కించావటగా!"

వెనక ట్రీస్ ఆయాసపడుతూ వస్తోంది. "విల్లెమ్ నోరు ఆగుతుందా? మొత్తం చెప్పేశాడు," అంది నాతో. "పొద్దున్నుంచీ ఇదే గోల."

"నీ బల్లకట్టు ఫోటోలో లేదు హ్యూబ్. నదే ఉంది. నది నీదా?"

"నాది కాక నీదా?" అని బొమ్మ ముందు నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ ముందుకు చాచి చూశాడు. కాసేపటికి అతని మొహం ఎర్రబడింది.

"ఎవడు తీశాడీ ఫోటో? ఆకుపచ్చ పీపా ఏది?"

"ఏ పీపా?"

"ఏ పీపా ఏమిటే! నీళ్ళ మీద తేలే గుర్తు. ఇదుగో, ఇక్కడ ఉండాలి. దీని కింద రాతి కట్ట ఉంది. పీపా లేకపోతే కొత్తవాడెవడైనా వచ్చి పడవని కట్ట మీదికి ఎక్కించుకుంటాడు. ఎవడైనా పీపా లేకుండా నదిని గోడకి పెడతాడా? సిగ్గు లేదూ?"

అతని గొంతు విని కళ్ళద్దాల గదిలోంచి మనుషులు బయటికి వచ్చారు. నిజమైన సరంగు వచ్చాడట అని ఎవరో అన్నారు. హ్యూబ్‌కి వినేవాళ్ళు దొరికారు. ఏ గాలికి నీళ్ళు ఎటు తోస్తాయో, రేవు ఎక్కడ లోతో, చర్చి శిఖరాన్ని ఏ చెట్టుతో కలిపి చూసుకుని తిప్పాలో బొమ్మ మీద వేలితో చూపించాడు. నేనలా ఎన్నడూ చెప్పలేదు. జనం కదలకుండా విన్నారు.

"పీపా తప్ప ఇంకేమైనా లేదా?" అని అడిగాను.

మళ్ళీ చూశాడు, మూలమూలనా. "లేదు. ఇంకంతా ఉంది. రోజూ చూసే నది, నాకు తెలీదూ?"

నేను తెర ఎత్తాను. ఎత్తే ముందు నా చెయ్యి ఆగింది. ఆ ఒక్క క్షణం అతన్ని అలాగే, వేలితో నదిని చూపిస్తూ, వదిలేద్దామనిపించింది.

రెండో బొమ్మలో, అంటే మేము ఏదీ తీసేయని అసలు ఫోటోలో, పీపా ఉంది. దాని పక్కన పొడవాటి తెడ్ల పడవ ఒకటి ఉంది. అందులో నలుగురు ఆడపిల్లలు, వీపులు మన వైపు, తెడ్లు ఎత్తి ఉన్నాయి. బల్లకట్టు వెళ్ళే దారికి అడ్డంగా వస్తున్నారు.

ఒకావిడ మొదటి బొమ్మ దగ్గరికి వెళ్ళి, రెండో దాని దగ్గరికి వచ్చి, మళ్ళీ మొదటి దాని దగ్గరికి వెళ్ళింది. "ఇక్కడ ఖాళీ కూడా లేదే," అంది. "నీళ్ళున్నాయి."

జనం మాట్లాడుకుంటూ బొమ్మల మీదికి వంగారు. హ్యూబ్ నా మోచెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"పీపా లేదని నాకు ఎలా తెలిసింది?" అన్నాడు, నెమ్మదిగా.

"అక్కడ ఉంటుందని తెలుసు కాబట్టి."

"ఆఁ. అది ఎప్పుడూ ఉంటుంది." కిటికీ బయట సైకిళ్ళ వైపు చూశాడు. "పడవలు ఎప్పుడూ ఉండవు."

తరవాత చెప్పాడు. పోయిన శరదృతువులో, పట్టపగలు, మబ్బు కూడా లేని రోజు. నది మధ్యకి వచ్చేసరికి ఎదురుగా తెడ్ల పడవ, నీళ్ళలోంచి లేచినట్టు. ఇంజను వెనక్కి తిప్పాడు. పడవ అంచు బల్లకట్టును రాసుకుంటూ పోయింది.

"నోటికొచ్చినట్టు తిట్టాను లిద్వీన్. అందులో ఒక పిల్ల ఏడ్చింది. మేము చాలాసేపటి నుంచి ఇక్కడే ఉన్నాం బాబాయ్, చెయ్యి కూడా ఊపాం అంది. అబద్ధం అన్నాను. ఇంటికొచ్చి ట్రీస్‌కి చెప్పలేదు. ఈ కాలం పిల్లలు చూసుకోకుండా వస్తున్నారని నాకు నేను చెప్పుకున్నాను. రోజూ చెప్పుకున్నాను. తప్పు వాళ్ళదే అయితే అన్నిసార్లు చెప్పుకోవలసిన పని లేదు."

నేను గెలిచినట్టు అనిపించలేదు. అతను నా కన్నా ముందే అక్కడికి వచ్చి, చీకట్లో ఒక్కడూ కూర్చుని ఉన్నాడనిపించింది. నా బొమ్మ అతనికి కొత్త సంగతేదీ చెప్పలేదు. తనలో తాను మూసిపెట్టుకున్నదాన్ని ఇంకొకరి ముందు అనడానికి చోటిచ్చింది, అంతే. బహుశా చెప్పడమంటే ఎప్పుడూ అంతేనేమో.

"ఆ యంత్రం ఎక్కడ?" అన్నాడు.

ఫెమ్కె అతని కన్ను కట్టి, గడ్డం కింద ఆనించే పలకను సరిచేసింది. హ్యూబ్ బొత్తాన్ని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

"ఇందులో ఎన్ని తప్పితే ఫెయిలు?"

"ఎవరికైనా సగం కనిపించవు," అంది ఫెమ్కె. "నీకు కనిపించిందనుకో, యంత్రం ఇంకా మసక వెలుగు వేస్తుంది. కనిపించకపోయే దాకా వేస్తూనే ఉంటుంది. అది ఆగే చోటే మాకు కావాలి."

"అంటే మనిషి ఓడిపోయే దాకా వదలదన్నమాట. మా ఆవిడ లాంటిది."

"తల కదపకు."

గది బయట ట్రీస్, నేను బల్ల మీద కూర్చున్నాం. ఆమె నా చెయ్యి పట్టుకుంది. మా ఇద్దరికీ అలవాటు లేని పని అది. లోపల బొత్తాం చప్పుడు వినిపిస్తోంది. ఒక్కోసారి చాలాసేపు వినిపించకుండా పోతోంది. అప్పుడు ట్రీస్ వేళ్ళు బిగుసుకుంటున్నాయి.

ఫలితం ఫెమ్కె దాచలేదు. రెండు కళ్ళలోనూ ఉంది. నాకన్నా ఎక్కువే ఉంది. "కానీ ఇటు చూడండి," అని అతని రెండు కళ్ళ కాగితాలనూ కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టింది. వెలుతురులో రెండు మసకలూ కనిపించాయి. ఒకటి పైన, ఒకటి కింద ఉన్నాయి. కుడి కన్ను వదిలేసినదాన్ని ఎడమ కన్ను దాదాపు అంతా పట్టుకుంటోంది. పక్కన ఒక చిన్న చోట మాత్రం రెండూ కలిసి వదిలేస్తున్నాయి. "సోమవారం డాక్టరు దగ్గరికి నేను రాసిస్తాను. మందు మొదలుపెడితే ఇది ఇక్కడే ఆగొచ్చు. లైసెన్సు సంగతి నేను చెప్పలేను. ఇంతకన్నా పోయినవాళ్ళు నడుపుతూ ఉండడం చూశాను."

"ఆ చిన్న చోట," అన్నాడు హ్యూబ్. "ఒక పడవ పడుతుందా?"

ఫెమ్కె అబద్ధం చెప్పదు. "పడుతుంది. తల తిప్పితే కనిపిస్తుంది. తిప్పాలని తెలియాలి, అంతే."

అతను చాలాసేపు ఆ కాగితాలనే చూశాడు. తరవాత జేబులోంచి ఫోను తీసి విల్లెమ్‌కి చేశాడు. "ఏరా, వాగుడుకాయ్. సోమవారం నుంచి కూడా నువ్వే నడుపు. డాక్టరు చెప్పే దాకా. ఎందుకా? ఎందుకంటే నేను చెప్పాను కాబట్టి." ఫోను పెట్టేసి ట్రీస్ వైపు చూశాడు. "ఏడవకు. నిన్ను నడపనులే."

బయటికి వచ్చేసరికి యంత్రం గది ముందు వరస కట్టి ఉన్నారు. నది బొమ్మ చూసి నీళ్ళున్నాయే అన్న ఆవిడ అందరికన్నా ముందుంది. వరస చివరన రూలాఫ్ కూడా ఉన్నాడు. నన్ను చూసి భుజాలు ఎగరేశాడు. "మా అమ్మకి ఉండేది," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు.

సాయంత్రం వాళ్ళతో పాటే వెళ్ళాను. రేవులో విల్లెమ్ మమ్మల్ని చూసి ఏమీ అడగకుండా గొలుసు దించాడు. హ్యూబ్ అలవాటుగా సరంగు గది మెట్ల దాకా వెళ్ళి, అక్కడ ఆగి, తిరిగి మా దగ్గరికి వచ్చాడు. బల్లకట్టు కదిలింది. ప్రయాణికుడిగా నిలబడడం అతనికి తెలియదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, చివరికి ముందున్న కమ్మీ పట్టుకున్నాడు.

తరవాత మెడ తిప్పాడు. ఎడమ ఒడ్డు నుంచి కుడి ఒడ్డు దాకా, మెల్లగా, మళ్ళీ వెనక్కి. కొత్తగా నదికి వచ్చిన మనిషిలా చూస్తున్నాడు.

"మెడ పట్టేస్తోందే," అన్నాడు.

"అలవాటవుతుంది. నాకు అయింది."

"ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలి?"

"నీకు ఏమీ లేదనిపించే వైపు నుంచి."

అతను అటే తిరిగాడు. నేనూ తిరిగాను. ఇంజను కింద నీళ్ళు తెల్లగా విరుగుతున్నాయి. మేము అవతలి ఒడ్డు చేరే దాకా ఇద్దరం తలలు తిప్పుతూనే ఉన్నాం.